బర్మా నుంచి తిరిగిరాని సిపాయిని వెతకడానికి: కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం శోధన సేవ

‘మిలిట్రీలో చేరి బర్మా పోయాడు, మళ్ళీ రాలేదు’ అన్న ఒక్క వాక్యంగా మిగిలిపోయిన మనిషి గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లెల్లోని చాలా పాత కుటుంబాల్లో ఉంటాడు. మా కుటుంబంలో ఆ మనిషి మా తాతగారి అన్నగారు, నాకు పెదతాత. తెనాలి తాలూకాలోని ఒక పల్లె నుంచి ఆయన పటాలంలో చేరారు. ఏ దళంలో పనిచేశారో, ఎక్కడ, ఏ రోజున చనిపోయారో మా నాన్నగారి తరానికి కూడా తెలియదు. ఆ వివరాల కోసం నేను వాడి చూసిన వాటిలో నిజంగా పనికివచ్చినది కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం తన వెబ్‌సైటులో ఉచితంగా అందిస్తున్న మృతుల శోధన. గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో కూర్చొని, ఎవరికీ రుసుము కట్టకుండా, ఎవరి సిఫారసూ లేకుండా వాడుకోగలిగిన సేవ ఇది. అయితే మన వైపు నుంచి కొంత స్థానిక పరిజ్ఞానం తీసుకువెళ్ళకపోతే అది మనకు దాదాపు ఏమీ చెప్పదు. దాని విలువతో పాటు ఈ రెండో సంగతిని కూడా వివరంగా చెప్పాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ సంఘం పుట్టుక తెలిస్తే దాని రికార్డుల తీరు సులువుగా అర్థమవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతుండగానే, 1917 మే 21న, ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ అన్న పేరుతో బ్రిటిష్ రాజ శాసనం ద్వారా ఇది ఏర్పడింది. ఫేబియన్ వేర్ అన్న అధికారి దీనికి మూలపురుషుడు. 1960లో పేరులోని ‘ఇంపీరియల్’ పోయి ‘కామన్వెల్త్’ వచ్చింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన సుమారు 17 లక్షల మంది జ్ఞాపకాన్ని, 150కి పైగా దేశాల్లో, ప్రాంతాల్లో ఉన్న 23,000 చోట్ల ఇది కాపాడుతోంది. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికాలతో పాటు భారతదేశం కూడా ఇందులో సభ్యదేశమే. సమాధుల సంఖ్యను బట్టి ఖర్చు పంచుకునే పద్ధతి కనుక మన వాటా 1 శాతం దరిదాపుల్లో ఉంటుంది. వాటా చిన్నదే అయినా, ఆ రికార్డును అడిగే హక్కు మనకు ఉన్నదని, అది ఇతరులు దయతలచి ఇచ్చే సమాచారం కాదని గుర్తుంచుకోవడం మంచిది.

ఎవరి పేర్లు ఇందులో దొరుకుతాయన్నది కాలపరిమితిని బట్టి ఉంటుంది. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు సైనిక ఉద్యోగంలో ఉండగా చనిపోయినవారు ఇందులోకి వస్తారు. శత్రువు తూటాకే చనిపోయి ఉండాలన్న నియమం లేదు. మలేరియాతో ఆసుపత్రిలో పోయినవారు, లారీ బోల్తాపడి పోయినవారు, శిక్షణలో ఉండగా స్వదేశంలోనే పోయినవారు కూడా ఈ లెక్కలో ఉంటారు. ‘మావాడు యుద్ధంలో చావలేదు, జ్వరంతో పోయాడట, ఇక ఆయన పేరు ఎక్కడ ఉంటుంది’ అని వెతకడం మానుకున్న కుటుంబాలు నాకు తెలుసు. వారికి ఒక సంగతి చెప్పాలి. బర్మా రంగంలో జబ్బు తుపాకి కంటే పెద్ద శత్రువు. 1943లో గాయపడి వెనక్కు తరలించిన ఒక్కొక్క సైనికుడికి 120 మంది చొప్పున జబ్బుపడినవారిని తరలించవలసి వచ్చిందని 14వ సైన్యానికి నాయకత్వం వహించిన జనరల్ స్లిమ్ స్వయంగా రాశారు. కాబట్టి జ్వరంతో పోయిన సిపాయి కూడా యుద్ధంలో పోయినట్టే, ఆయన పేరూ ఈ జాబితాలో ఉండవలసిందే.

ఇక శోధన సంగతి. వెబ్‌సైటులోని శోధన పుటలో ఇంటిపేరు, పేరు, హోదా, సర్వీసు నంబరు, రెజిమెంటు, మరణ తేదీ, ఏ దేశపు సైన్యం, ఏ స్మారకం, అదనపు సమాచారం అని వేర్వేరు గడులు ఉంటాయి. అంతా ఇంగ్లీషులోనే ఉంటుంది, తెలుగులో పేరు కొడితే ఏమీ రాదు. ఇంగ్లీషులో కొట్టినా మన పేర్ల విషయంలో పెద్ద చిక్కు ఉంది. 1940లలో పటాలం డిపోలో కూర్చున్న గుమాస్తా కుర్రవాడి నోటి నుంచి విన్న పేరును తనకు తోచిన అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ గుమాస్తా పంజాబీ కావచ్చు, తమిళుడు కావచ్చు, ఇంగ్లీషువాడు కావచ్చు. ‘య్య’తో ముగిసే మన పేర్లు ఒకచోట రెండు వైలతో, ఇంకొకచోట ఐ, ఏ, హెచ్ అక్షరాలతో, మరొకచోట ఒకే ఒక వైతో కనిపిస్తాయి. కోటప్పకొండ దేవుడి పేరు పెట్టుకున్న పల్నాటి కోటయ్యలు మొదటి అక్షరం తర్వాత ఓ అక్షరం ఒకటా రెండా అన్నదాన్ని బట్టి, టీ పక్కన హెచ్ ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి వేర్వేరు మనుషులుగా విడిపోతారు. 1842లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషన్ ప్రభావంతో దేవదానం, యేసురత్నం వంటి పేర్లు పెట్టుకున్న కుటుంబాల వారికి ఈ ఇబ్బంది తక్కువేమీ కాదు.

దీనికి తోడు, మన ఇంటిపేరు చాలా నమోదుల్లో లేనే లేదు. సిపాయికి ఒకే పేరు రాసుకుంటే, ఆ పేరును జాబితాలో ఇంటిపేరు గడిలో పెట్టారు. అందువల్ల మన ఇంటిపేరును ఇంటిపేరు గడిలో కొట్టి, ఏమీ రాలేదని నిరాశపడి లేచిపోవడం చాలామందికి ఎదురయ్యే మొదటి అనుభవం. నా సలహా ఏమిటంటే పేరుతో మొదలుపెట్టవద్దు. సైన్యం భారతదేశానిదని, యుద్ధం రెండోదని ఎంచుకుని, అదనపు సమాచారం గడిలో ఊరి పేరో, జిల్లా పేరో ఇవ్వాలి. రెండో యుద్ధపు నమోదుల్లో చాలావాటికి ‘ఫలానా వారి కుమారుడు, ఫలానా ఊరు, ఫలానా జిల్లా’ అన్న ఒక వాక్యం ఉంటుంది. పేరు ఎన్ని వంకరలు పోయినా ఈ వాక్యం మనిషిని పట్టిస్తుంది.

అయితే ఆ జిల్లా ఏ కాలపు జిల్లా అన్నది చూసుకోవాలి. ఇక్కడే గుంటూరు, విజయవాడల వాళ్ళకు ఉన్న పరిజ్ఞానం అక్కరకు వస్తుంది. గుంటూరు జిల్లా ఏర్పడింది 1904లో. ఒంగోలు తాలూకా 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే దాకా గుంటూరు జిల్లాలోనే ఉండేది కనుక, ఒంగోలు వైపు పల్లెల సిపాయిలను గుంటూరు కింద వెతకాలి. విజయవాడ అప్పటికి బెజవాడ. కృష్ణా జిల్లాను పాత ఇంగ్లీషు కాగితాల్లో ‘కిస్ట్నా’ అని రాసేవారు. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది కనుక, మొదటి యుద్ధంలో పోయిన ఏలూరు ప్రాంతపు మనిషి కృష్ణా జిల్లా వాసిగానే నమోదై ఉంటాడు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన పల్నాడు, బాపట్ల, ఎన్టీఆర్ జిల్లాల పేర్లతో వెతికితే ప్రయోజనం ఉండదు. పాత తాలూకాల పేర్లు, అంటే తెనాలి, రేపల్లె, బాపట్ల, నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ వంటివి, ఒక్కొక్కటిగా ఇచ్చి చూడాలి. కొన్ని నమోదుల్లో ఊరు లేకుండా మద్రాసు అని మాత్రమే ఉంటుంది. అక్కడ తండ్రి పేరే ఆధారం.

ఇలా తాలూకా పేరుతో వెతికినప్పుడు మా పెదతాత దొరికారు. పేరు మేము ఊహించిన అక్షరక్రమంలో లేదు, ఇంటిపేరు అసలు లేదు. కాని తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు సరిపోయాయి. ఇండియన్ పయనీర్ కోర్‌లో సిపాయి. మరణం 1944 వానాకాలంలో. సమాధి లేదు. పేరు రంగూన్ స్మారకం మీద ఉంది. పయనీర్ దళాల వాళ్ళు రోడ్లు వేశారు, వంతెనలకు సామాను మోశారు, విమానాలు దిగే మైదానాలు చదును చేశారు, సరకు ఎత్తి దించారు. తుపాకి పట్టి కొండ ఎక్కిన వీరుడిగా మా ఇంట్లో ఊహించుకున్న మనిషి పలుగూ పారా పట్టుకుని బురదలో పనిచేసిన మనిషి అని తెలిసినప్పుడు మా నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన అన్న మాట నాకు నచ్చింది. ‘ఆ రోడ్డు లేకపోతే తుపాకి పట్టినవాడికి అన్నం ఎవరు పంపుతారు?’ అన్నారు.

ఆ నమోదులో మేము ఎదురుచూడని మరో వివరం ఉంది. తల్లిదండ్రుల పేర్ల తర్వాత ‘ఫలానా ఆమె భర్త’ అని ఒక స్త్రీ పేరు ఉంది. ఆయనకు పెళ్ళయిందన్న సంగతి మా నాన్నగారికి తెలియదు. మా తాతగారు ఎన్నడూ చెప్పలేదు. ఆ పేరు కలిగిన ఆవిడ ఎవరో మా బంధువుల్లో ఎవరికీ గుర్తులేదు. ఊళ్ళో ఉంటున్న మా నాన్నగారి మేనత్త ఒక్కరే, అంటే పెదతాతకు ఆఖరి చెల్లెలు, ఆ పేరు వినగానే తల ఎత్తి చూశారు. ‘ఆ పిల్ల మా ఇంట్లో రెండు పండగలు కూడా చెయ్యలేదు నాయనా. తంతి వచ్చాక వాళ్ళ అన్న బండి కట్టుకుని వచ్చి తీసుకుపోయాడు. మా అమ్మ ఆ తర్వాత వాడి పేరు గాని, ఆ పిల్ల పేరు గాని ఇంట్లో ఎత్తనిచ్చేది కాదు’ అన్నారు. ఆవిడ పుట్టిల్లు రేపల్లె వైపు అని కూడా ఆమే చెప్పారు. ఆ ఊరికి వెళ్ళి విచారిస్తే, ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకోకుండా అన్నగారి ఇంట్లోనే ఉండి, సిపాయి పింఛను మీద ఆ ఇంటి పిల్లలను చదివించారని, ముసలితనంలో అక్కడే పోయారని తెలిసింది. అన్నగారి మనవళ్ళు మమ్మల్ని చుట్టాలుగానే చూశారు.

ఒక వెబ్‌సైటును మెచ్చుకోవడానికి ఇంత కుటుంబ కథ ఎందుకు అని పాఠకులకు అనిపించవచ్చు. మేము మరచిపోయిన పేరును, దుఃఖంతోనో కినుకతోనో మా ఇంట్లోనే తుడిచేసిన పేరును, ఎక్కడో దూరదేశపు సంస్థ రికార్డు ఇన్నేళ్ళు పట్టి ఉంచింది. ఈ సేవకు నేను ఇచ్చే అత్యున్నతమైన కితాబు అదే. మరణించిన మనిషి జాబితాగా మొదలైన ఈ నమోదులో ఆయన బతుకు తాలూకు ఒక కొస ఉంది, ఆ కొస పట్టుకుంటే మిగతా బతుకు దగ్గరకు వెళ్ళవచ్చు. ఆ వాక్యం ప్రతి నమోదులోనూ ఉండదు. కుటుంబం నుంచి వివరాలు అందినవారి విషయంలోనే ఉంటుంది. మొదటి యుద్ధపు భారతీయ సిపాయిల నమోదుల్లో అది తక్కువగా కనిపిస్తుంది.

రంగూన్ స్మారకం గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతపు సిపాయిల పేర్లు చాలావరకు అక్కడే తేలుతాయి. ఇప్పుడు యాంగోన్ అంటున్న రంగూన్‌కు ఉత్తరాన టౌక్యాన్ యుద్ధ శ్మశానం మధ్యలో, పొడవైన స్తంభాల వరుసల మీద దాదాపు 27,000 పేర్లు చెక్కి ఉన్నాయి. అందులో భారత సైన్యం వారే ఎక్కువ. 1958 ఫిబ్రవరిలో దాన్ని ఆవిష్కరించారు. చుట్టూ ఉన్న శ్మశానంలో 6,374 సమాధులు ఉన్నాయి. హిందూ, సిక్కు సైనికుల్లో దహనం జరిగినవారికి సమాధి ఉండదు కనుక, వారి పేర్లు స్మారకాల మీదనో, దహన స్మారకాల మీదనో ఉంటాయి. కోహిమాలోని దహన స్మారకం మీద అలాంటివి 917 పేర్లు ఉన్నాయి. ‘సమాధి లేదు’ అన్న మాట చూసి ఎవరూ పట్టించుకోలేదని బాధపడవలసిన పని లేదు. క్రైస్తవ కుటుంబాల వారికి మాత్రం అసలు సమాధే, దాని వరుస సంఖ్యతో సహా, దొరికే అవకాశం ఎక్కువ.

టౌక్యాన్ స్మారకం మధ్యలోని గుండ్రని మండపంలో, స్వేచ్ఛాజీవులైన మనుషులందరి కోసం వీరు మరణించారు అన్న అర్థం వచ్చే వాక్యం ఐదు భాషల్లో చెక్కి ఉంది. ఇంగ్లీషు, బర్మీస్, హిందీ, ఉర్దూ, గురుముఖి. తెలుగు లేదు, తమిళమూ లేదు. దక్షిణాది నుంచి అంతమంది వెళ్ళి, పయనీర్లుగా, శాపర్లుగా (అంటే సైన్యపు ఇంజనీరింగ్ దళం వారిగా), లారీ డ్రైవర్లుగా, ఆసుపత్రి సిబ్బందిగా పనిచేసి అక్కడే పోయాక, వారు చదవగలిగిన లిపిలో ఒక్క పంక్తి అక్కడ లేకపోవడం నాకు లోటుగానే తోస్తుంది. ఒకప్పుడు కొన్ని జాతులవారే పోరాటానికి తగినవారన్న ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతం పేరుతో మద్రాసు ప్రాంతపు వారిని సైన్యంలో పక్కకు నెట్టారు. రెండో యుద్ధంలో మనుషుల అవసరం పడి భారత సైన్యం సుమారు 25 లక్షలకు పెరిగినప్పుడు మళ్ళీ పిలిచారు. ఆ 25 లక్షల మందిలో 87,000 మందికి పైగా తిరిగిరాలేదు. పిలుపు అందుకుని వెళ్ళినవారి భాషకు ఆ రాయి మీద చోటు లేకపోయింది.

మొదటి ప్రపంచ యుద్ధపు సిపాయిలను వెతికేవారికి ఈ సేవ ఇచ్చే ఫలితం ఇంతకన్నా తక్కువ, ఆ సంగతి ముందే చెప్పకపోతే ఈ సమీక్ష న్యాయంగా ఉండదు. హోదా, జాతి, మతం అన్న తేడా లేకుండా ప్రతి మృతుడినీ పేరుతో స్మరించాలన్నది 1918లోనే ఈ సంఘం పెట్టుకున్న నియమం. ఆ యుద్ధంలో 74,000 మందికి పైగా భారతీయులు చనిపోయారు. కాని మెసపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో పోయి, సమాధి తెలియని 40,500 మందికి పైగా సైనికుల కోసం కట్టిన బస్రా స్మారకం మీద బ్రిటిష్, భారతీయ అధికారుల పేర్లు చెక్కి, సామాన్య భారతీయ సిపాయిలను దళాలవారీగా అంకెలుగా మాత్రమే చూపారు. వారి పేర్లు పుస్తకాల్లో ఉండిపోయాయి. 2021 ఏప్రిల్‌లో ఈ సంఘమే నియమించిన ప్రత్యేక కమిటీ ఇచ్చిన నివేదిక ఈ అన్యాయాన్ని దాచకుండా ఒప్పుకుంది. భారతీయులు, ఆఫ్రికన్లు, ఈజిప్టు, సోమాలీ ప్రజలు ప్రధానంగా ఉన్న 45,000 నుంచి 54,000 మంది మృతులను అసమానంగా స్మరించారని, మరో 1,16,000 మందిని, బహుశా అంతకన్నా ఎక్కువమందిని, పేరుతో స్మరించలేదని, కొందరిని అసలే స్మరించలేదని ఆ నివేదిక లెక్కకట్టింది. సంఘం క్షమాపణ చెప్పింది, బ్రిటిష్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

ఆ ఒప్పుకోలును నేను తక్కువచేసి చూడను. తన తప్పును తానే అంకెలతో సహా బయటపెట్టిన సంస్థలు అరుదు. అయినా తాతముత్తాతలు ‘బస్రా పోయాడు’ అని మాత్రమే చెప్పగలిగిన కుటుంబం ఇక్కడ వెతికితే, పేరు దొరికినా ఊరు, తండ్రి పేరు లేకపోవడం వల్ల అది తమవాడేనా అని తేల్చుకోలేని పరిస్థితి రావచ్చు. ఒకే పేరుతో పదిమంది కనిపిస్తారు. అలాంటప్పుడు పాత సామానులో యుద్ధానంతరం మృతుల కుటుంబాలకు పంపిన గుండ్రని కంచు ఫలకం ఉన్నదేమో చూడాలి. సుమారు 12 సెంటీమీటర్ల వ్యాసం ఉండే ఆ ఫలకం మీద హోదా ఉండదు, పేరు మాత్రమే ఉంటుంది. గుమాస్తా ఆ పేరును ఎలా రాశాడో దాని మీద చూసి, అదే అక్షరక్రమంతో వెతకాలి.

రెండో యుద్ధం వారికి ఇంతకన్నా మంచి ఆధారం పతకాలు. బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన పతకాల అంచు ఖాళీగా ఉండేది గాని, భారత సైనికులకు ఇచ్చిన బర్మా స్టార్, వార్ మెడల్ వంటి వాటి మీద సర్వీసు నంబరు, పేరు, దళం చెక్కి ఇచ్చారు. పిల్లలు ఆడుకుని పడేసిన పాత బిళ్ళ అనుకున్నది ఏ ట్రంకు పెట్టె అడుగునో ఉంటే, భూతద్దంతో దాని అంచూ వెనకా చూడండి. సర్వీసు నంబరు ఒక్కటి దొరికితే శోధనలో అక్షరక్రమపు గొడవ ఉండదు, నేరుగా మనిషి దగ్గరకు వెళ్ళవచ్చు.

ఈ సేవ ఏమి ఇవ్వదన్నది కూడా స్పష్టంగా చెప్పాలి. మరణ కారణం ఉండదు. సైన్యంలో ఎప్పుడు చేరారు, ఎక్కడ శిక్షణ పొందారు అన్నవి ఉండవు. ఫొటో ఉండదు. కొన్ని నమోదులకు ఆనాటి సమాధుల రిజిస్టర్లలోని పుటల ప్రతిబింబాలు జతచేసి ఉంటాయి, వాటిని తప్పకుండా తెరిచి చూడాలి. అంతకు మించి కావాలంటే దళం పేరు పట్టుకుని బయటకు వెళ్ళాలి. మద్రాస్ రెజిమెంటుకు నీలగిరుల్లోని వెల్లింగ్టన్ కేంద్రం, మద్రాస్ శాపర్లకు, పయనీర్లకు బెంగళూరులోని కేంద్రాలు అడిగి చూడవలసిన చోట్లు. కుటుంబానికి పింఛనుగాని, సైనిక కోటాలో పట్టా భూమిగాని వచ్చి ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, పాత గ్రామ రెవెన్యూ లెక్కలు ఉపయోగపడతాయి. లండన్‌లోని భారత కార్యాలయపు రికార్డుల్లో సామాన్య సిపాయిల సర్వీసు పత్రాలు లేవు, ఆ ఆశతో అక్కడికి రాయనవసరం లేదు. బర్మా రంగంలో దళాలు రోజువారీగా రాసుకున్న యుద్ధ దినచర్యలు మాత్రం బ్రిటన్‌లోని క్యూ ప్రాంతంలో ఉన్న జాతీయ అభిలేఖాగారంలో, డబ్ల్యూ.ఓ. 172 అన్న శ్రేణిలో ఉన్నాయి. వాటిలో సిపాయిల పేర్లు అరుదుగా ఉంటాయి గాని, ఆ దళం ఏ రోజున ఎక్కడ ఉన్నది, ఏమి చేసింది అన్నది తెలుస్తుంది.

డబ్బు తీసుకుని ఈ పని చేసిపెడతామనే వారి గురించి ఒక హెచ్చరిక అవసరం. విజయవాడలో అలాంటి ఒక చోట మా బంధువు ఒకరు వేలల్లో సొమ్ము కట్టారు. వారికి చేతికి వచ్చింది ఇదే వెబ్‌సైటులో ఉచితంగా దొరికే పుట ముద్రణ, అదీ అదే పేరున్న వేరొక జిల్లా మనిషిది. తండ్రి పేరు సరిచూడకుండా ఇచ్చిన కాగితాన్ని ఎవరూ తమవారిదిగా ఒప్పుకోకూడదు. ఇంగ్లీషు చదవగలిగిన ఇంటర్మీడియట్ పిల్లవాడు పక్కన కూర్చుంటే, పెద్దవాళ్ళు ఊరి పేర్లూ చుట్టరికాలూ చెబుతుంటే, ఈ పని ఇంట్లోనే జరుగుతుంది. నిజానికి అలా జరగడమే మంచిది, ఎందుకంటే తెర మీద కనిపించిన తండ్రి పేరు సరైనదా కాదా అని చెప్పగలిగింది ఇంట్లోని ముసలివాళ్ళే తప్ప డబ్బు తీసుకునే మనిషి కాదు.

నమోదు దొరికాక దాని నుంచి ఒక స్మారక పత్రాన్ని ఉచితంగా దించుకోవచ్చు. పేరు, హోదా, దళం, మరణ తేదీ, స్మారకం పేరు అందులో ముద్రించి ఉంటాయి. మా ఊళ్ళో దాన్ని చూసినవారు అడిగిన మొదటి ప్రశ్న, ‘తద్దినం ఏ రోజున పెట్టాలో ఇప్పుడు తెలిసినట్టే కదా’ అని. నిజమే. ఇన్నేళ్ళు మహాలయ అమావాస్య నాడు అందరితో కలిపి వదిలిన తిలోదకాలకు ఇప్పుడు ఆయనదైన తిథి ఒకటి దొరికింది. పంచాంగం చూడగలవారి సాయంతో 1944 నాటి ఆ తేదీకి తిథి కట్టించుకున్నాము. ఇలాంటి ఉపయోగం కోసం ఆ సంస్థ ఈ సేవను పెట్టి ఉండదు. మన కుటుంబాలకు మాత్రం ఇంతకన్నా పెద్ద ఉపయోగం లేదు.

నమోదులో పొరపాటు కనిపిస్తే సవరణ కోరవచ్చు. అందుకు నోటి మాట చాలదు, ఆనాటి పత్రం ఏదైనా చూపాలి. పింఛను కాగితం, డిశ్చార్జి పుస్తకం, తంతి, పతకం వంటివి ఉంటే శుభ్రంగా ఫొటో తీసి జతచేయాలి. అసలు జాబితాలోనే లేని మనిషి గురించి ఆధారాలు ఉన్నవారు కూడా సంఘానికి రాయవచ్చు, 2021 నివేదిక తర్వాత ఆ పని కొనసాగుతూనే ఉంది. 1947 తర్వాత, అంటే 1947-48 కాశ్మీర్ యుద్ధంలో, 1962లో, 1965లో, 1971లో పోయినవారి కోసం మాత్రం ఇక్కడ వెతకవద్దు. వారి పేర్లు 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకంలో ఉన్నాయి.

రెండో ప్రపంచ యుద్ధపు సిపాయి కోసం వెతికేవారికి, ఊరి పేరు, తండ్రి పేరు తెలిసి ఉంటే, ఈ సేవను నేను సంకోచం లేకుండా సిఫారసు చేస్తాను. మొదటి యుద్ధం వారికి ఓపిక ఎక్కువ కావాలి, ఫలితం తక్కువగా ఉంటుందని ముందే తెలిసి మొదలుపెట్టాలి. పేరు తప్ప మరేమీ తెలియనివారు ముందుగా ఊళ్ళోని వయసు మళ్ళినవారి దగ్గర కూర్చొని అమ్మమ్మల, మేనత్తల, వదినల పేర్లతో సహా రాసుకుని, ఆ తర్వాతే కంప్యూటరు దగ్గరకు వెళ్ళాలి. మేము ఇప్పుడు పెదతాత పనిచేసిన పయనీర్ కంపెనీ దినచర్య క్యూ ప్రాంతంలోని ఆ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నదేమో చెప్పమని, ఉంటే 1944 వానాకాలపు పుటల నకలుకు ఎంత రుసుము అవుతుందో తెలపమని అక్కడికి రాశాము.